కారు ఎందుకు కారుతుంది?

అంబాసిడర్ ఉన్న ఇంటి పోర్టికోలో నేల మీద నల్ల మచ్చ కనబడలేదంటే, ఆ కారు అమ్మేశారని అర్థం. ఈ జోకు తనదేనని మా చుట్టాల్లో కనీసం ముగ్గురు చెప్పుకుంటారు. బ్రిటన్‌లో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ల దగ్గర కూడా దీనికి తోబుట్టువు లాంటి జోకు ఒకటుంది: "కింద ఆయిల్ కారట్లేదా? అయితే లోపల అయిపోయినట్టుంది, చూసుకో!" అక్కడా ఇక్కడా ఒకే రకం జోకు పుట్టడంలో వింతేమీ లేదు. రెండు చోట్లా తిరిగిన ఇంజన్లు ఒకే వంశానివి మరి.

ఇలా ఎందుకు కారుతుందీ అని అడిగితే మనవాళ్ల దగ్గర రెడీమేడ్ జవాబు ఒకటుంటుంది. "పోటీ లేని రోజులు కదండీ, వాళ్లు ఏది చేస్తే అది కొనుక్కున్నాం. నాసిరకం పని." ఇందులో సగం నిజముంది. మిగతా సగం చరిత్ర పట్టించుకోకుండా అనే మాట. నేను చెప్పదల్చుకున్నది ఏమిటంటే, ఆ చుక్క డిజైన్ చేసినవాళ్లకు ముందే తెలుసు. తెలిసే ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో తెలుసుకోకుండా రిపేరుకు దిగితే చుక్క ఆగదు సరికదా, యాభై ఏళ్లు నిలిచిన ఇంజన్ని చేతులారా పాడుచేసుకుంటాం. మన భాషలో చెప్పాలంటే స్పెక్ చదవకుండా బగ్ ఫిక్స్ చెయ్యబోవడం అన్నమాట.

ముందు 'వింటేజ్' అన్న మాట సంగతి తేల్చేద్దాం, లేకపోతే అంబాసిడర్ వింటేజ్ ఏమిటండీ అని ఎవరో ఒకరు తగులుకుంటారు :) బ్రిటన్‌లో 1934లో పుట్టిన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ వాళ్ల లెక్కలో 1930 చివరిలోగా తయారైనవే వింటేజ్. ఆ లెక్కన అంబాసిడర్ నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల. మన దేశంలో మాత్రం 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్లు దాటిన బండి వింటేజ్ కిందికి వస్తుంది. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఈ షరతు గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

ఇక చరిత్రలోకి వెళ్దాం.

మొదటి తరం కార్లలో ఆయిల్ కారిపోవడం సమస్యే కాదు, అదే పద్ధతి. గాజు బుడ్ల లాంటి వాటిలోంచి చుక్కచుక్కగా ఆయిల్ బేరింగుల మీద పడేది, దాని పని అది చేసేది, అక్కణ్ణుంచి రోడ్డు మీదికి పోయేది. దీని పేరే 'టోటల్ లాస్' పద్ధతి. వాడిన ఆయిల్‌ని మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలన్న ఆలోచనే లేదు. తర్వాత 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఫోర్డ్ మోడల్ టీ లాంటి కార్లలో ఆయిల్ ఇంజన్ అడుగున తొట్టిలో ఉండేది. తిరిగే భాగాలు దాన్ని కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలికి పైకి చిమ్మేవి. పంపూ లేదు, ప్రెషరూ లేదు. ఎక్కడ తడవాలో అక్కడ తడిస్తే చాలు.

ఇంజన్ వేగం, బలం పెరిగేకొద్దీ ఈ చిమ్ముడు సరిపోలేదు. పంపు పెట్టి, బేరింగుల్లోకి ఒత్తిడితో ఆయిల్ ఎక్కించడం మొదలైంది. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఇంజన్ లోపల క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంది. దాని చివర ఫ్లైవీల్ ఉంటుంది, ఫ్లైవీల్ వెనక క్లచ్, గేర్ బాక్స్. క్లచ్ పొడిగా ఉండాలి, ఆయిల్ తగిలితే జారుతుంది. అంటే షాఫ్ట్ బయటికి రావాలి, ఆయిల్ మాత్రం రాకూడదు. ఫైర్‌వాల్‌లో ఒక పోర్టు తెరిచే ఉంచాలి గానీ అందులోంచి ఒక్క ప్యాకెట్ కూడా తప్పించుకోకూడదు అన్నట్టుంటుంది ఈ వ్యవహారం.

ఆ రంధ్రం దగ్గర షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతుందో ఒక లెక్క వేద్దాం. షాఫ్ట్ 60 మిల్లీమీటర్ల లావు, నిమిషానికి 4000 చుట్లు అనుకోండి. దాని ఉపరితలం సెకనుకు పన్నెండున్నర మీటర్లు పరుగెడుతుంది. అంటే గంటకు 45 కిలోమీటర్లు. పైగా వేడి. ఆ వేగంలో, ఆ వేడిలో గంటల తరబడి ఒరుసుకుంటూ కూడా కాలిపోని, అరిగిపోని వస్తువు ఏదైనా కావాలి.

అప్పటికి చేతిలో ఉన్నవి తోలు, ఫెల్టు, తాడు. ఊళ్లో పొలం దగ్గర పాత పంపుసెట్టు చూసినవాళ్లకు గ్లాండు తాడు తెలిసే ఉంటుంది. షాఫ్ట్ చుట్టూ గ్రీజు పట్టించిన తాడు చుట్టి బిగిస్తారు. బిగిస్తే వేడెక్కుతుంది, వదిలితే కారుతుంది. అందుకని అప్పుడో చుక్క అప్పుడో చుక్క పడేలా వదిలేస్తారు. అదే తాడుకు గ్రాఫైట్ పట్టించి, అమెరికన్ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ వెనక చాలాకాలం వాడారు.

ఈలోగా జర్మనీలో ఒక మార్పు వచ్చింది. వైన్‌హైమ్ అనే ఊళ్లో తోళ్ల వ్యాపారం చేసే ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ, కార్లకు తోలు సీళ్లు చెయ్యడం మొదలుపెట్టింది. వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీర్ ఆలోచనతో 1930ల మొదట్లో, లోహపు రింగులో తోలు పెదవి, ఆ పెదవిని షాఫ్ట్ మీదికి నొక్కి పట్టే స్ప్రింగు - ఈ రకం సీలు వచ్చింది. ఆయన పేరు మీదే దాన్ని 'సిమ్మరింగ్' అన్నారు. ఆ దశాబ్దంలోనే ఆయిల్‌కి ఉబ్బిపోని నైట్రైల్ రబ్బరు వచ్చింది, తోలు స్థానంలో రబ్బరు పెదవి వచ్చింది. ఇవ్వాళ మన బైకులోనూ కారులోనూ వాషింగ్ మెషీన్‌లోనూ ఉన్న ఆయిల్ సీళ్లన్నీ ఆ కుటుంబానివే.

మరి 1930లలోనే వచ్చిన వస్తువుని 1940లలో బ్రిటిష్ ఇంజన్ గీసినవాళ్లు క్రాంక్ వెనక ఎందుకు పెట్టలేదు? ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. క్రాంక్ షాఫ్ట్ చివర ఫ్లైవీల్ బిగించడానికి వెడల్పాటి ఫ్లాంజ్ ఉంటుంది, అది షాఫ్ట్‌తో ఒకే ముక్కగా ఉంటుంది. చుట్టూ తెగని రింగు లాంటి సీలు దాన్ని దాటి లోపలి సన్నటి భాగం మీదికి ఎక్కదు. మెడకన్నా తల పెద్దది కదా, బిగుతు కాలరున్న బనీను ఎక్కనట్టు. సీలుని రెండు ముక్కలు చెయ్యాలి, చేస్తే అతుకు దగ్గర కారుతుంది. లేదా ఫ్లాంజ్ అంచు మీదే పెట్టాలి, అప్పుడు చుట్టుకొలత పెరిగి ఒరిపిడి వేగం ఇంకా పెరుగుతుంది. అది తట్టుకునే రబ్బరు మీద అప్పటికి నమ్మకం తక్కువ. ఎక్కువ వేడిని తట్టుకునే వైటాన్ లాంటి రబ్బరు డ్యూపాంట్ నుంచి మార్కెట్లోకి వచ్చింది 1957లో. ఒకవేళ సీలు చెడితే? దాన్ని మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి, క్లచ్ ఊడదియ్యాలి, ఫ్లైవీల్ తియ్యాలి. ఇరవై రూపాయల రబ్బరు ముక్క కోసం రెండు రోజుల పని.

అందుకని వాళ్లు అసలు సీలే లేని ఉపాయం వాడారు. షాఫ్ట్ మీద మర గాడి చెక్కారు, స్క్రూ మీద ఉన్నట్టే. దాని చుట్టూ వెంట్రుకవాసి ఖాళీతో ఒక లోహపు గూడు. రెండూ ఒకదాన్నొకటి తాకవు. ఆయిల్ బయటికి పోబోతే, తిరుగుతున్న మర దాన్ని పట్టుకుని మళ్లీ లోపలికి తోసేస్తుంది. రైస్ మిల్లులో తవుడుని తోసుకుపోయే స్క్రూ ఉంటుంది చూడండి, అదే సూత్రం. దీన్ని స్క్రోల్ అంటారు. ఒరిపిడి లేదు కాబట్టి అరుగుదల లేదు, స్పేర్ పార్టు అక్కర్లేదు. చాలా తెలివైన పని అని నా మటుకు నాకు ఒప్పుకోబుద్ధేస్తుంది.

దాని లోపాలు కూడా వాళ్లకు తెలుసు. మర తిరిగినప్పుడే తోస్తుంది. ఇంజన్ ఆపిన క్షణంలో ఆ గూట్లో మిగిలిన నాలుగు చుక్కల్ని ఆపేవాడు లేడు, అవి మెల్లగా కిందికి జారతాయి. అందుకే ఈ వంశం ఇంజన్లున్న బ్రిటిష్ కార్లలో క్లచ్ ఉండే బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం పెట్టి, అందులో వదులుగా ఒక స్ప్లిట్ పిన్ వేలాడదీశారు. బండి కుదుపులకు ఆ పిన్ ఊగుతూ, మట్టితో రంధ్రం పూడిపోకుండా చూస్తుంది. అంటే ఆయిల్ వస్తుందని తెలుసు, దాన్ని క్లచ్ మీదికి పోనీకుండా బయటికి పంపే దారి పెట్టారు, ఆ దారి మూసుకుపోకుండా ఒక కాపలావాణ్ణి కూడా పెట్టారు! 'నోన్ ఇష్యూ' అని రాసి, వర్కరౌండ్‌తో సహా రిలీజ్ చేశారన్నమాట.

ఆ చిన్న పిన్నుని చూశాక నాకు "నాసిరకం పని" అన్న మాట నోట రావడం మానేసింది.

ఇంకో లోపం ఉంది, రిపేరుకు వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది అదే. లోపల గాలి ఒత్తిడి పెరిగితే స్క్రోల్ ఓడిపోతుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంచెం పొగ ఎప్పుడూ కింద క్రాంక్ ఉండే గదిలోకి జారుతూనే ఉంటుంది. రింగులు అరిగేకొద్దీ ఎక్కువవుతుంది. ఆ పొగ బయటికి పోవడానికి ఇంజన్ పక్కనుంచి కిందికి ఒక బ్రీదర్ గొట్టం ఉంటుంది. దాని చివర రోడ్డు వైపు ఉంటుంది. బండి వేగంగా పోతుంటే కింద వీచే గాలి ఆ గొట్టం లోంచి పొగని లాగేస్తుంది. గంటకు ఎనభైలో హైవే మీద పోయే బండికి ఇది చక్కగా పని చేస్తుంది. ట్రాఫిక్‌లో గంటసేపు నిలబడే బండికి ఆ లాగే గాలి ఎక్కడిది? పొగ లోపలే నిలిచిపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లోతు నీళ్లలో దాటాల్సిన ట్యాంకుల కోసం, ఈ పొగని ఇంజనే పీల్చుకునే మూసిన పద్ధతి వాడారు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో గాలి కాలుష్యం గోల మొదలయ్యాక అదే పద్ధతి మామూలు కార్లకు వచ్చింది. ఇప్పుడు అన్ని కార్లలోనూ ఉంది.

ఈ ఇంజన్ మన దగ్గరికి ఎలా వచ్చిందో కూడా చూద్దాం. 1947లో ఆస్టిన్ ఏ40 కోసం చేసిన 1200 సీసీ ఇంజన్ దీనికి మూలపురుషుడు. 1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాక అదే బీ-సిరీస్ అయ్యింది. 1942లో గుజరాత్‌లోని ఓఖాలో బిర్లాలు మొదలుపెట్టిన హిందుస్థాన్ మోటార్స్, 1948లో కలకత్తా పక్కన ఉత్తరపారాకు మారింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ తీసుకుని 1957లో అంబాసిడర్ మొదలుపెట్టింది. మొదట్లో పాత సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది, 1959లో 1489 సీసీ బీ-సిరీస్ ఇంజన్ వచ్చింది. క్రాంక్‌కి మూడు బేరింగులు, వెనక స్క్రోల్.

బ్రిటన్‌లో ఇదే వంశం ఇంజన్ని 1964లో ఎంజీబీ స్పోర్ట్స్ కారు కోసం అయిదు బేరింగులకు మార్చారు, అప్పుడు వెనక రబ్బరు సీలు పెట్టారు. (ఎంజీ అంటే ఇప్పుడు మన రోడ్ల మీద కనిపిస్తున్న పేరే, అప్పట్లో బ్రిటిష్ కంపెనీ.) మనకి మాత్రం 1489 ఇంజన్ అలాగే దశాబ్దాలు నడిచింది. 1990లలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ వచ్చేదాకా పెట్రోల్ అంబాసిడర్ అంటే అదే. ఇదిగో, రెడీమేడ్ జవాబులో నిజమైన సగం ఇక్కడుంది. కారు కోసం జనం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. ఎన్ని తయారు చెయ్యాలో ప్రభుత్వం చెప్పేది, కొత్త యంత్రాలు దిగుమతి చేసుకోవాలంటే అనుమతి కావాలి. ఇంజన్ మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాకే పొడి నేల ఎలా ఉంటుందో మన పోర్టికోలకు తెలిసింది :) కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం అన్నది 1993లో.

కానీ ఇంకో వైపు కూడా చూడండి. రబ్బరు సీలు కోసం జిల్లా కేంద్రం దాకా వెళ్లాల్సిన రోజుల్లో, ఎప్పటికీ మార్చక్కర్లేని సీలున్న ఇంజన్ని ఊరి మేస్త్రి కూడా నడిపించగలిగాడు. అరలీటరు ఆయిల్ డబ్బా డిక్కీలో పడేసుకుంటే చాలు. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత కూడా అంబాసిడర్లు నడుస్తున్నాయంటే అందులో ఈ గుణం వాటా కూడా ఉందని నా అభిప్రాయం.

ఇప్పుడు రిపేరు సంగతి. మా పెదనాన్నగారి 1972 మోడల్ మార్క్ టూ అంబాసిడర్ విజయవాడలో అన్నయ్య దగ్గరుంది. కిందటేడు అన్నయ్య ఇల్లు డెవలప్‌మెంట్‌కిచ్చి అపార్ట్‌మెంట్‌కి మారాడు. వారం తిరక్కుండా ఫోను. "ఒరేయ్, పార్కింగ్ టైల్స్ మీద మచ్చ ఫొటో తీసి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టార్రా. ఆపుతావా, తీసేస్తావా అని అడుగుతున్నారు." మచ్చ అంటే చిన్నది కాదు, రాత్రికి అరచెయ్యంత మడుగు.

అప్పటికే ఒక గ్యారేజీ వాళ్లు చూశారు. దొరికిన ప్రతి అతుకు మీదా సిలికాన్ పేస్టు పూశారు, బోల్టులన్నీ బలం కొద్దీ బిగించారు, చిక్కటి ఆయిల్ పోశారు. రెండు వారాల్లో కారుడు ఇంకా ఎక్కువైంది. ఇక ఇంజన్ బోరుకొచ్చింది, లేదంటే ఇంజనే మార్చేసి ఏదో ఒక డీజిల్ ఇంజన్ పెట్టేద్దాం అన్నారట. పెదనాన్న కారు, అందులో వేరే ఇంజనా? అన్నయ్యకు మనసొప్పలేదు. అమ్మెయ్యడానికీ ఒప్పలేదు.

చివరికి ఆటోనగర్‌లో డెబ్బై దాటిన ఒక మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బండి కిందికి దూరలేదు. ఇంజన్ ఆన్ చేయించి, పైన ఆయిల్ పోసే మూత తీశారు. గుప్పున పొగ. మూత మీద అరచెయ్యి పెట్టి చూశారు.

"బాబుగారూ, ఇది ఊపిరి తీసుకోవట్లేదండీ. ముక్కు మూసేస్తే నోట్లోంచి వస్తది కదా, అంతే."

"వెనక సీలు పోయిందన్నారు మేస్త్రిగారూ" అన్నాడు అన్నయ్య.

"దీనికి సీలెక్కడుందండీ పోడానికి!" అని నవ్వారాయన.

మొదటి రోజంతా కడగడమే. డీజిల్, బ్రష్షు పెట్టి ఇంజన్ని ఇనుము కనిపించేదాకా కడిగి, ఆరబెట్టి, అనుమానమున్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లారు. బండిని పదిహేను కిలోమీటర్లు తిప్పుకొచ్చి చూస్తే, తెల్లటి పౌడరు మీద ఆయిల్ దారి గీత గీసినట్టు కనబడింది. క్రాంక్ వెనకనుంచి వచ్చేది కొంచెమే. ఎక్కువ భాగం పైనుంచి వస్తోంది. ఈ ఇంజన్‌కి మానిఫోల్డ్ కింద, పక్కవైపు రెండు రేకు కవర్లుంటాయి. వెనక కవరు అంచు నుంచి కారి, ఇంజన్ వీపు మీదుగా జారి, సరిగ్గా బెల్ హౌసింగ్ దగ్గరికి చేరుతోంది. కింద నిలబడి చూసేవాడికి అది క్రాంక్ దగ్గర లీకులాగే ఉంటుంది. లాగ్‌లో ఎర్రర్ కనబడిన లైనూ, ఎర్రర్ పుట్టిన లైనూ ఒకటి కావని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఆ తర్వాత వరస చూడండి. ముందు బ్రీదర్. గొట్టం ఊడదీస్తే లోపల హల్వాలా గట్టిపడిన మడ్డి. పెట్రోలులో నానబెట్టి కడిగి మళ్లీ పెట్టారు. రెండోది పక్క కవర్లు. బలం కొద్దీ బిగించడం వల్ల రేకు బోల్టుల దగ్గర లోపలికి సొట్టపోయింది. అంటే ఎంత బిగిస్తే అంత కారుతుంది! చెక్క దిమ్మ మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టి చదును చేసి, కొత్త కార్కు ప్యాకింగులు వేసి, వేళ్లతో తిప్పినంత బిగువు మీద ఇంకొంచెం, అంతే. మూడోది కింద చాంబర్ ప్యాకింగు, దాని రెండు చివర్ల కార్కు ముక్కలు. నాలుగోది ఆయిల్. కొత్త 20డబ్ల్యూ-50 ఆయిల్, డిప్‌స్టిక్ మీద పై గీతకు కొంచెం కిందికే. "నిండా పోస్తే మిగిలింది అదే కక్కేస్తదండీ" అన్నారు. పాత సిలికాన్ ముక్కలన్నీ ఏరి పారేశారు. అవి ఊడి ఆయిల్ పంపు జల్లెడలో పడితే బేరింగులకు ఆయిల్ అందదు, అప్పుడు నిజంగానే బోరుకొస్తుంది.

మర్నాటి నుంచి కింద అట్టముక్క పెట్టి లెక్కపెట్టాం. రాత్రికి పన్నెండు చుక్కలు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుంటే, ఏడాదికి గ్లాసెడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పన్నెండు చుక్కల్ని కూడా ఆపెయ్యొచ్చు. బయటి దేశాల్లో ఈ మూడు బేరింగుల ఇంజన్లకు రబ్బరు సీలు కిట్లు దొరుకుతాయి. లేదా మంచి లేత్ పని తెలిసినవాళ్లు చెయ్యగలరు. కానీ దానికి ఇంజన్ మొత్తం విప్పి, స్క్రోల్ ఉన్న చోట గానీ, దాని చుట్టూ గూట్లో గానీ కోత పెట్టాల్సి రావచ్చు. కోసిన ఇనుము మళ్లీ అతుక్కోదు. మన పనిలో గిట్ ఉంది, రివర్ట్ ఉంది. లేత్‌కి అన్‌డూ లేదు.

పైన చెప్పిన 2021 నిబంధన గుర్తుందా? ఇంజన్‌లో పెద్ద మార్పులుంటే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి చిక్కు. పెదనాన్న కారు 1972ది, యాభై దాటేసింది. సీలు కోసం క్రాంకు కొయ్యడం 'పెద్ద మార్పు' అవుతుందా అని రేపు ఏ అధికారైనా అడిగితే అన్నయ్య దగ్గర గట్టి జవాబు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మర గాడి 1940ల ఇంజనీర్లు ఏమనుకున్నారో ఇనుములో రాసిపెట్టిన కాగితం లాంటిది. దాన్ని చెరిపేస్తే తర్వాతి తరానికి చదువుకోవడానికి ఏమీ మిగలదు.

అలాగని "వింటేజ్ కదా, కారనీ" అనే రొమాంటిక్ మాటలతో కూడా నేను ఏకీభవించను. గ్లాసెడు ఆయిలైనా సరే, వానలో కడుక్కుపోయి డ్రైనులోకి, అక్కణ్ణుంచి కాలువలోకి పోతుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ పక్కన పెరిగినవాళ్లం, ఆ నీళ్లు ఎవరి పొలాలకు పోతాయో మనకు తెలుసు. 1950లలో రోడ్డు మీద వంద కార్లుంటే చుక్క ఎవరికీ పట్టలేదు. అప్పటి నిర్ణయం అప్పటికి సరైనదే కావచ్చు, ఇప్పటికి చెల్లదు. అందుకని ఇప్పుడు కారు కింద ఒక రేకు ట్రే ఉంది. అందులో ఇసుక. వాడిన ఆయిల్ రీసైక్లింగ్ వాళ్లకే వెళ్తుంది. క్రాంకు జోలికి ఎవరూ వెళ్లలేదు. అసోసియేషన్ వాళ్లు టైల్స్ చూసుకుని శాంతించారు. సెక్రెటరీగారు ఒక ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని తిప్పమని అడిగారట కూడా.

మనం రోజూ ఇదే పని చేస్తుంటాం. ఇరవై ఏళ్ల నాటి కోడ్ చేతికొస్తుంది, వింతగా కనబడుతుంది, రాసినవాడు తెలివితక్కువవాడని తేల్చేసి తిరగరాద్దామని మేనేజర్ దగ్గరికి వెళ్తాం. ఆ వింత లైను ఆ రోజుల్లో మెమరీ చాలక రాసిందో, నెట్‌వర్క్ నమ్మలేక రాసిందో అడగం. ఒక్కోసారి ఆ కారణం ఇప్పుడు లేకపోవచ్చు, అప్పుడు నిక్షేపంగా తీసెయ్యొచ్చు. ట్రాఫిక్‌లో పనికిరాని బ్రీదర్ గొట్టానికి బదులు ప్రపంచమంతా వేరే పద్ధతికి మారినట్టు. కానీ కారణం తెలుసుకుని తీసెయ్యడం వేరు, తెలియక పీకెయ్యడం వేరు. సిలికాన్ పూసిన గ్యారేజీకీ, మూత తీసి పొగ చూసిన మేస్త్రికీ మధ్య తేడా అంతే. ఇద్దరి చేతుల్లోనూ అవే స్పానర్లు.

ఆ మేస్త్రి దగ్గర ఇప్పుడు నేర్చుకునే కుర్రాళ్లు లేరు. ఈ ఇంజన్లతో ఇక పనేముంది అంటారు వాళ్లు, అదీ నిజమే. ఆయనకు తెలిసింది ఏ మాన్యువల్‌లోనూ ఈ వరసలో ఉండదు. అన్నయ్య రెండు ఆదివారాలు కూర్చుని ఆయన చెబుతుంటే ఫోన్లో రికార్డు చేశాడు. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో ఇలాంటి పాత బండీ, దాన్ని ఎరిగిన మేస్త్రీ ఉంటే మీరూ ఆ పని చెయ్యండి. బండి ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుంది. మేస్త్రి ఉండకపోవచ్చు.